పన్నెండేళ్ల నాటి స్థలం ధరను నేటి రూపాయల్లో లెక్కించడం ఎలా?

2012-13లో 10 లక్షలకు కొన్న స్థలాన్ని 2025 మార్చిలో 20 లక్షలకు అమ్మితే లాభం 10 లక్షలేనా? కాదు, ఈలోగా రూపాయి విలువ కరిగిపోయింది. కొన్న ధరను అమ్మిన ఏడాది సూచీతో (ధరల పెరుగుదలను చూపే అంకెతో) హెచ్చవేసి, కొన్న ఏడాది సూచీతో భాగించండి. ఆదాయపు పన్ను లెక్కలకు వాడే వ్యయ ద్రవ్యోల్బణ సూచీ అప్పుడు 200, 2024-25లో 363.

10,00,000 × 363 ÷ 200 = 18,15,000

అసలు లాభం 1,85,000. నిజానికి అంతకన్నా తక్కువే. ఎందుకంటే ఈ సూచీ పట్టణ వినియోగదారుల ధరల పెరుగుదలలో 75 శాతాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

2024 జులై 23కు ముందు కొన్న స్థలమైతే, దేశంలో నివసించే వ్యక్తులకు వెసులుబాటు ఉంది: సూచీతో లెక్కించిన లాభంపై 20 శాతం పన్ను, సూచీ లేకుండా లెక్కించిన లాభంపై 12.5 శాతం పన్ను, ఏది తక్కువైతే అది. ఇక్కడ సెస్సు కాక 37,000 ఎక్కడ, 1,25,000 ఎక్కడ! రెండూ వేసి చూడకుండా పన్ను కట్టకండి.