అల్లుడూ, ఆ బోర్డు మళ్లీ కొనకు

చిరంజీవి అల్లుడికి,

మీ రోబో కారు నత్తనడక నడుస్తోందనీ, దాని మోటార్లని నడిపే ఎల్298ఎన్ డ్రైవర్ బోర్డు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోందనీ, డూప్లికేట్ చిప్ అయ్యుంటుంది కాబట్టి ఇంకోటి కొంటాననీ రాశావు. కొనకు. చిప్ అసలుదే అయినా నీ బండికి ఇంతే.

ఆ చిప్ లోపల ఉన్నది హెచ్-బ్రిడ్జి. హెచ్-బ్రిడ్జి అంటే నాలుగు స్విచ్‌లు. హెచ్ అక్షరం నిలువు గీతల్లో పైన రెండు, కింద రెండు. అడ్డగీత దగ్గర మోటార్. ఎడమ పైది, కుడి కిందది వేస్తే కరెంటు ఒకవైపు పారుతుంది. మిగతా రెండూ వేస్తే ఎదురువైపు పారి మోటార్ రివర్స్ తిరుగుతుంది. ఒకే పక్కనున్న పైదీ కిందదీ కలిసి ఆన్ అయితే మాత్రం బ్యాటరీ షార్టే. విడి ట్రాన్సిస్టర్లతో కట్టేవాళ్లు కాల్చుకునేది ఎక్కువగా ఇక్కడే. చిప్‌లో లోపలి లాజిక్ ఆ పొరపాటు జరగనివ్వదు.

ఇక వేడి సంగతి. ఎల్298లో స్విచ్‌లు పాతకాలపు బైపోలార్ ట్రాన్సిస్టర్లు. కరెంటు పైన ఒకటి, కింద ఒకటి దాటాలి. 1 ఆంపియర్ దగ్గర ఆ రెండూ కలిసి రెండు మూడు వోల్టులు మింగేస్తాయి. నీ రెండు సెల్స్ ఇచ్చే 7.4 వోల్టుల్లో మోటార్‌కి చేరేది సుమారు ఐదు. పోయిన వోల్టులని ఆంపియర్లతో గుణించు, రెండు మూడు వాట్లు వస్తుంది. నీ వేలు కాల్చింది అదే. 24 వోల్టుల సప్లై మీద రెండు మూడు వోల్టులు పోయినా పెద్దగా కనపడదు. 46 వోల్టుల దాకా నడిచే చిప్ అది, రెండు సెల్స్ బండికి దాన్ని పెట్టమని ఎవరు చెబుతున్నారో గానీ అందరూ అదే కొంటున్నారు.

టీబీ6612ఎఫ్ఎన్‌జీ తీసుకో. అదీ మోటార్ డ్రైవర్ చిప్పే, కానీ అందులో స్విచ్‌లుగా మాస్‌ఫెట్లు ఉంటాయి, కరెంటుకి తక్కువ అడ్డుపడే ట్రాన్సిస్టర్లు. పైదీ కిందదీ కలిపి సుమారు అర ఓమ్, అంటే 1 ఆంపియర్‌కి పోయేది అర వోల్టు. కానీ అది చానల్‌కి, అంటే ఒక్కో హెచ్-బ్రిడ్జికి, 1.2 ఆంపియర్లకి చేసిన చిప్, క్షణంలో చిన్న వంతు సేపైతే 3.2 ఓర్చుకుంటుంది. కాబట్టి ముందు మోటార్‌ని కొలువు. మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి, షాఫ్ట్‌ని కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు రీడింగులు తీసుకో. తక్కువ వచ్చినదాంతో బ్యాటరీ వోల్టేజిని భాగించు. 6 ఓమ్స్ వస్తే 1.2 ఆంపియర్లు. చక్రం ఇరుక్కున్నప్పుడు లాగే కరెంటు అది, స్టార్టింగులో కూడా క్షణంపాటు అంతే. ఒక్కో పక్క రెండు మోటార్లు ఒకే చానల్‌కి కలిపితే అది రెట్టింపు. చిప్‌ని ఈ అంకె చూసి కొనాలి, మోటార్ ఖాళీగా తిరిగేటప్పటి అంకె చూసి కాదు.

ఫుల్ స్పీడులో ఉన్న బండిని ఒక్కసారిగా రివర్స్ కొట్టకు. తిరుగుతున్న మోటార్ తానే జనరేటర్‌లా వోల్టేజి పుట్టిస్తుంది. రివర్స్ కొట్టగానే అది బ్యాటరీకి తోడై, ఇరుక్కున్నప్పటి కరెంటుకి దాదాపు రెండింతలు పోతుంది. ముందు బ్రేక్ వెయ్యి: టీబీ6612లో ఆ మోటార్ రెండు ఇన్‌పుట్లూ హై (ఆన్) చేస్తే మోటార్ రెండు కొసలూ షార్టయి చక్కగా ఆగుతుంది. రెండూ లో (ఆఫ్) చేస్తే ఊరికే దొర్లుతూ పోతుంది. నేల మీది గీత వెంట నడిచే లైన్ ఫాలోయర్ బండికి మలుపుల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది.

స్టాండ్‌బై పిన్‌ని హై చెయ్యకపోతే ఈ చిప్ అసలు కదలదు. బండికి ఆదేశాలిచ్చే ఆర్డుయినో బోర్డు గ్రౌండ్ (మైనస్ వైపు), బ్యాటరీ గ్రౌండ్ కలిపి ఉండాలి. మోటార్ సప్లై పిన్ల పక్కనే 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి పెట్టు.

ఇంకోటి, ఆ పాత బోర్డు మీది 5 వోల్టుల రెగ్యులేటర్ నుంచే ఆర్డుయినోకి పవర్ ఇస్తున్నట్టున్నావు. దానికి లోపలికి 7 వోల్టులైనా రావాలి. సెల్స్ కాస్త దిగగానే నీ ఆర్డుయినో రీసెట్ అవుతోందన్నావే, నాకు దాని మీదే అనుమానం. కొత్త చిప్‌కి మారేటప్పుడు విడిగా వోల్టేజి తగ్గించే ఒక చిన్న బక్ కన్వర్టర్ పెట్టు, మల్టీమీటర్‌తో 5 వోల్టులకి సెట్ చేశాకే ఆర్డుయినోకి కలుపు.

రీడింగులు వాట్సాప్‌లో పెట్టు. 6 ఓమ్స్ కంటే తక్కువ వస్తే టీబీ6612 కూడా ఆర్డర్ పెట్టకుండా ఆగు, వేరే చిప్ చూద్దాం. అక్కనీ బావనీ అడిగానని చెప్పు.

మీ మావయ్య