బంతి వేగంగా పోతే స్పిన్నర్ కానట్టేనా?

ఎడమచేతి స్పిన్ వేస్తాననీ, బంతి మరీ వేగంగా పోతోంది, ఫ్లైట్ (బంతిని గాల్లోకి ఎత్తి వేయడం) లేదని అందరూ అంటున్నారనీ, బౌలింగ్ యాక్షన్ మార్చుకోవాలా అనీ అడిగారు.

తొందరపడి మార్చకండి. నాకూ అచ్చం ఇదే జరిగింది. లీగ్ మ్యాచ్‌లు ఆడే రోజుల్లో ఒక కోచ్ "ఇది స్పిన్ కాదు" అంటూ సీజనంతా నాచేత బంతిని గాల్లోకి ఎత్తి వేయించారు. ఓవర్‌కి రెండు ఫుల్‌టాస్‌లు, అంటే నేలను తాకకుండానే బ్యాట్స్‌మన్‌ని చేరే బంతులు, పడేవి. లెంగ్త్ (బంతిని పిచ్ మీద సరైన దూరంలో వేయడం) పోయింది, జట్టులో చోటూ పోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అప్పుడు మా బాబాయి చెప్పారు, డెరెక్ అండర్‌వుడ్ గురించి తెలుసుకోమని. ఇంగ్లండ్ జట్టుకీ, కెంట్ కౌంటీకీ ఆడిన ఎడమచేతి స్పిన్నర్. పొడవాటి రనప్, దాదాపు మీడియం పేస్. 1963లో మొదటి సీజన్‌లోనే వంద వికెట్లు తీశారు. 86 టెస్టుల్లో 297 వికెట్లు.

1968లో లండన్‌లోని ఓవల్ మైదానంలో ఆస్ట్రేలియాతో ఆడిన టెస్టు చివరి రోజు సంగతి నాకు మరీ ఇష్టం. ఆస్ట్రేలియా సగం వికెట్లు పోగొట్టుకున్నాక వాన కుమ్మేసి మైదానం చెరువైంది. ప్రేక్షకులే దిగి సిబ్బందితో కలిసి నీళ్లు తోడారు. ఆట మళ్లీ మొదలయ్యేసరికి గంటంబావు మిగిలింది. ఇంగ్లండ్ ఆటగాడు డొలివేరా ఒక వికెట్ తీయగానే, మిగిలిన నాలుగూ అండర్‌వుడ్ తీసేశారు. బ్యాట్స్‌మన్ చుట్టూ ఫీల్డర్లంతా గుమిగూడి ఉన్న ఆ ఫోటో దొరికితే తప్పకుండా చూడండి.

తడి పిచ్‌ల మీదే ఆయన ఆటలు సాగాయి అంటారు కొందరు. నేను ఒప్పుకోను. 1976-77లో మన దేశానికి వచ్చి, మన పిచ్‌ల మీద అయిదు టెస్టుల్లో 29 వికెట్లు తీశారు. టెస్టుల్లో గవాస్కర్‌ని 12 సార్లు అవుట్ చేశారు. తడి పిచ్ మీద వేగం భయపెట్టి ఉండొచ్చు, ఇక్కడ మాత్రం పనిచేసింది లైన్, లెంగ్త్. బంతి తర్వాత బంతి అదే చోట పడుతుంటే ఎంతటివాడికైనా టెన్షనే.

నేను మళ్లీ నా వేగానికే వచ్చేశాను. గుడ్‌లెంగ్త్‌లో (బ్యాట్స్‌మన్ ముందుకు రావాలో వెనక్కి పోవాలో తేల్చుకోలేని చోట), ఆఫ్‌స్టంప్ లైన్‌లో ఒక జేబురుమాలు పరిచి రోజూ అరవై బంతులు వేసేవాణ్ణి. రెండు నెలలకు లెంగ్త్ తిరిగొచ్చింది, తర్వాతి సీజన్‌లో చోటూ దొరికింది. మీరూ అలాగే వేసి చూడండి. ఆరింట్లో నాలుగు రుమాలు మీద పడ్డాకే ఫ్లైట్ సంగతి ఆలోచించండి.