సమాధానం: రెండో కాలానికి వచ్చేసరికి పాప తాళం తప్పుతోంది

పాపకి ఎనిమిదేళ్లు, వారానికి ఒక క్లాసు, సరళీ వరసలు (కర్ణాటక సంగీతంలో తొలి స్వర పాఠాలు) మొదటి కాలంలో బాగానే పాడుతుంది, రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, తాళం వేసే చెయ్యి పరిగెడుతుంది అన్నారు కదండీ. ఇది గొంతు సమస్య కాదు. నోరు వేగం పెరిగితే చెయ్యి కూడా దానివెంట పోతుంది, అంతే.

ముందు పాట ఆపేయండి. మెట్రోనోమ్ (లయకి టిక్కుమనే సాధనం) నిమిషానికి 50లో పెట్టి, ఎనిమిది క్రియల (చేతి కదలికల) ఆదితాళం చేతితో మాత్రమే వేయించండి: దెబ్బ, చిటికెన, ఉంగరం, మధ్యవేలు, తర్వాత దెబ్బ-తిప్పు రెండుసార్లు. అది నిలిచాక స్వరాలు పాడకుండా, మాటల్లా పలికించండి.

ఇక అసలు చూడాల్సిన చోటు అయిదో క్రియ, అంటే మొదటి ద్రుతం (దెబ్బ-తిప్పు జత) దెబ్బ. రెండో కాలంలో మొదటి వరస ఇలా పడాలి: సరి, గమ, పద, నిస, (దెబ్బ) సని, దప, మగ, రిస. పై షడ్జం (పై స) రెండుసార్లు వస్తుంది. చాలామంది పిల్లలు ఒక్కసారే అని దిగిపోతారు, అక్కడే ఒక స్వరం తగ్గి చివర్లో చెయ్యి మిగిలిపోతుంది. మీ పాపదీ ఇదే అయ్యుంటుంది, ఒకసారి గమనించండి.

మూడో కాలంలో ఆవర్తనానికి (తాళం ఒక చుట్టుకి) వరస రెండుసార్లు రావాలి, అదే అయిదో క్రియ దెబ్బకి కింది షడ్జం పడాలి. రెండో కాలం కుదిరేదాకా దాని జోలికి వెళ్లొద్దు.

రోజూ పది నిమిషాలు చాలు, ఆదివారం గంట కూర్చోబెడితే ఉపయోగం లేదు. టీచరుగారిని అడిగి మూడు కాలాలూ ఫోన్లో రికార్డు చేసుకోండి. ఇంట్లో శ్రుతిపెట్టె కూడా క్లాసులో పెట్టే శ్రుతికే ఉంచండి.