ఎర్రనల్లి క్రాసింగ్: ఒకవైపే గుడ్లు ఎందుకు చచ్చిపోతున్నాయి?

మీరు పెంచే ఎర్రనల్లుల్లో (ఆకుల రసం పీల్చే చిన్న చీడ) "ఎ" కాలనీ మగ, "బి" కాలనీ ఆడ కలిస్తే గుడ్లు చాలావరకు పొదగడం లేదు, పొదిగినవీ ఎక్కువగా మగవే, అదే క్రాస్ తిప్పి చేస్తే అంతా బాగుంది అన్నారు కదా. టెన్షన్ పడకండి, మీ చెయ్యి తప్పు కాకపోవచ్చు. నాకైతే ముందు నల్లి ఒంట్లో ఉండే వోల్బాకియా అనే బ్యాక్టీరియా మీదే అనుమానం.

ఈ బ్యాక్టీరియా తల్లి గుడ్డు ద్వారానే తర్వాతి తరానికి వెళ్తుంది. అది ఉన్న మగ నల్లి వీర్యకణాల్లో ఒక మార్పు జరుగుతుంది, దాన్ని సరిచేసేది అదే బ్యాక్టీరియా ఉన్న గుడ్డు మాత్రమే. "బి" ఆడదానిలో అది లేకపోతే ఫలదీకరణ జరిగిన గుడ్డులో తండ్రి క్రోమోజోములు సరిగా విడిపోవు, పిండం చనిపోతుంది. ఎర్రనల్లిలో ఫలదీకరణ జరగని గుడ్లే మగవి అవుతాయి, వాటికి తండ్రితో పనే లేదు, అందుకే అవి బతికి బయటపడుతున్నాయి.

తేల్చుకోవాలంటే "ఎ" నల్లుల్ని టెట్రాసైక్లిన్ (బ్యాక్టీరియాను చంపే యాంటీబయాటిక్) ద్రావణంలో తడిపిన దూది మీద పెట్టిన చిక్కుడు ఆకు ముక్కలపై ఒక తరం పెంచండి, ఆ తర్వాత రెండు తరాలు మందు లేకుండా ఉంచి, అప్పుడు ఆ మగవాటిని "బి" ఆడవాటితో కలపండి. గుడ్లలో ఎర్రటి కంటి చుక్కలు కనిపించి, ఆడపిల్లలు కూడా పుడితే కారణం బ్యాక్టీరియానే. కాకపోతే కార్డినియం అనే మరో బ్యాక్టీరియా కూడా ఇదే పని చేయగలదు, మందుకు రెండూ పోతాయి, కాబట్టి ఏదో తెలియడానికి పీసీఆర్ (డీఎన్ఏ పరీక్ష) తప్పదు.

ఆడవాటిని మాత్రం చివరి కుబుసం విడవకముందే, కదలకుండా ఉన్నప్పుడే వేరు చేయండి, పక్కనే మగది జతకట్టడానికి కాపలా కాస్తూ ఉంటుంది.