టిక్కు పెట్టారు సరే, రుజువేది?

విదేశీ భాష నేర్చుకునే విద్యార్థులు తమ స్థాయిని తామే కొలుచుకునే పోర్ట్‌ఫోలియోల గురించి ఈసారి ఉపాధ్యాయుల నుంచి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా పిల్లలు రాసిన వ్యాసాలు, పరీక్ష పేపర్లు, ప్రాజెక్టులు ఏడాది పొడుగునా ఒక ఫైల్లో పెట్టిస్తున్నాను. దీన్ని స్వీయ మదింపు పోర్ట్‌ఫోలియో అనొచ్చా?

జవాబు: ఇప్పటికైతే అది దాచిపెట్టిన కాగితాల కట్ట. పోర్ట్‌ఫోలియోలో అదొక భాగం మాత్రమే. యూరప్ దేశాల సంస్థ అయిన కౌన్సిల్ ఆఫ్ యూరప్ తయారుచేయించిన యూరోపియన్ లాంగ్వేజ్ పోర్ట్‌ఫోలియోని చూస్తే తేడా తెలుస్తుంది. 1998 నుంచి 2000 వరకు ప్రయోగాత్మకంగా నడిపి, 2001లో, అంటే యూరోపియన్ భాషల సంవత్సరంలో, దాన్ని అందరి ముందుకూ తెచ్చారు. అందులో మూడు భాగాలుంటాయి. మొదటిది భాషా పాస్‌పోర్టు. ఏ భాష, ఏ నైపుణ్యంలో, ఈ రోజుకు ఎంతవరకు వచ్చిందో ఒకటి రెండు పేజీల్లో అక్కడ కనబడాలి. రెండోది భాషా చరిత్ర. ‘ఫలానా పని చేయగలను’ అనే వాక్యాల జాబితాలు (వచ్చినవాటికి విద్యార్థి టిక్కు పెడతాడు), పెట్టుకున్న లక్ష్యాలు, ఏ పద్ధతిలో నేర్చుకుంటే పట్టుబడుతోందన్న సొంత గమనింపులు ఇందులోకి వస్తాయి. మూడోది డోసియర్, అంటే రుజువుల సంచి. మీ దగ్గరున్నది ఈ మూడోదే.

కట్టను పోర్ట్‌ఫోలియోగా మార్చేది వీటి మధ్య ఉండే ముడి. జాబితాలో పెట్టిన ప్రతి టిక్కు పక్కన డోసియర్‌లోని కాగితం నంబరు ఉండాలి. డోసియర్‌లోని ప్రతి కాగితానికీ ఒక చిన్న చీటీ అంటించండి. తేదీ, ఏ వాక్యానికి రుజువు, ఎలా చేశారు అన్నవి దాని మీద రాయించండి. చివరిది ముఖ్యం. సొంతంగా రాశారా, నిఘంటువు చూసి రాశారా, టీచరు దిద్దాక తిరగరాశారా అన్నది తెలియకపోతే ఆ కాగితం దేనికీ సాక్ష్యం కాదు. అన్నీ దాచొద్దు. టర్మ్‌కి నైపుణ్యానికి రెండు చాలు, ఎంచుకోవాల్సింది విద్యార్థే. ఎంచుకోవడం కూడా మదింపులో భాగమే.

నైపుణ్యాలు నాలుగు కాదు, ఐదు అని గుర్తుంచుకోండి. భాష ఎంతవరకు వచ్చిందో కొలవడానికి, అన్నిటికన్నా కిందిదైన ఏ1 నుంచి పైదైన సీ2 దాకా ఆరు స్థాయిలున్న యూరోపియన్ ఫ్రేమ్‌వర్క్‌లోని స్వీయ మదింపు పట్టికలో మాట్లాడటాన్ని రెండుగా విడదీశారు: ఎదుటివాళ్లతో సంభాషించడం, ఒక్కరే ఒక విషయం గురించి చెప్పడం. వీటిని కలిపేస్తే నష్టం. బట్టీ పట్టిన రెండు నిమిషాల ప్రసంగం గడగడా అప్పజెప్పిన పిల్లాడే, మధ్యలో ఎవరైనా ఒక ప్రశ్న వేస్తే నీళ్లు నమలొచ్చు.

ప్రశ్న: జాబితా ఇవ్వడమే ఆలస్యం, అన్నిటికీ టిక్కులు పెట్టేస్తున్నారు. కొందరు మాత్రం బాగా వచ్చినా ఒక్కటీ పెట్టరు. ఈ లెక్కలను ఎలా నమ్మాలి?

జవాబు: ముందు జాబితానే అనుమానించండి. ‘నేను ఫ్రెంచ్‌లో మాట్లాడగలను’ అన్న వాక్యానికి కాదనేదెవరు? పనికొచ్చే వాక్యంలో మూడుంటాయి: చేసే పని, దాని విషయం, అది జరిగే పరిస్థితి. ‘ఎదుటివాళ్లు నెమ్మదిగా మాట్లాడుతూ, అడిగితే మళ్లీ చెబుతుంటే, నా గురించీ నా కుటుంబం గురించీ వేసే మామూలు ప్రశ్నలకు జవాబు చెప్పగలను’ అనండి. అది ఏ1. అందులోంచి ‘నెమ్మదిగా’, ‘మళ్లీ చెబుతుంటే’ తీసేసి చూడండి, వాక్యం పైమెట్టుకు వెళ్లిపోతుంది. సొంతంగా జాబితాలు రాసుకునే టీచర్లు జారవిడిచేది సరిగ్గా ఈ పరిస్థితినే.

తర్వాత టిక్కు సంగతి. అవును, కాదు అని రెండే గళ్లుంటే పిల్లలు అవును వైపే మొగ్గుతారు. స్విట్జర్లాండ్ పోర్ట్‌ఫోలియో జాబితాల పద్ధతి ఇక్కడ బాగా పనిచేస్తుంది. మామూలు పరిస్థితుల్లో చేయగలిగితే ఒక టిక్కు, సునాయాసంగా చేయగలిగితే రెండు. ఇది నా లక్ష్యం అనుకుంటే ఒక ఆశ్చర్యార్థకం, వెంటనే సాధించాలనుకుంటే రెండు. విద్యార్థికి ఒక నిలువు వరస, టీచరుకో తోటి విద్యార్థికో పక్కనే ఇంకొకటి. ఒక స్థాయి జాబితాలో 80 శాతానికి పైగా టిక్కులు పడితే ఆ స్థాయి అందినట్టే అనుకోవచ్చన్నది ఆ జాబితాల సూచన. పది వాక్యాలుంటే తొమ్మిదన్నమాట. ఈ లెక్క ఒక్కో నైపుణ్యానికి విడిగా వేయాలి. ఐదింటినీ కలిపి సగటు తీస్తే చదవడంలోని బలం మాట్లాడటంలోని లోటును కప్పేస్తుంది.

మూడోది కొలబద్దను అలవాటు చేయడం. ఏడాది మొదట్లోనే ఒక పీరియడ్ దీనికి కేటాయించండి. పేర్లు తీసేసిన మూడు రాతలు, మూడు స్థాయులవి, ఇవ్వండి. ఏది ఏ స్థాయో నలుగురేసి గుంపుల్లో తేల్చుకోమనండి. జాబితాలో ఏ వాక్యాన్ని బట్టి అన్నారో చూపించాలని షరతు పెట్టండి. ఆ వాదులాట అయ్యాకే తమ రాతను తీయనివ్వండి. ఇతరుల రాతలో కనబడే తేడా సొంత రాతలో మొదటిసారే కనబడదు.

ఎక్కువ వేసుకోవడం ముఖ్యంగా వినడం, చదవడం దగ్గర జరుగుతుంది, ఎందుకంటే ‘అర్థమైంది’ అనేది ఒక భావన, కంటికి కనబడే వస్తువు కాదు. దాన్ని వస్తువుగా మార్చండి: రెండు నిమిషాల ఆడియో విన్నాక అందులోని మూడు సమాచారాలు మాతృభాషలో రాయాలి, అది డోసియర్‌లోకి వెళ్లాలి. తక్కువ వేసుకునేవాళ్ల రోగం వేరు. వాళ్లు ఆ భాష మాట్లాడే దేశంలో పుట్టినవాళ్లతో పోల్చుకుంటున్నారు. జాబితాలో అలాంటి పోలికే లేదని చెప్పండి. ఫ్రేమ్‌వర్క్‌కు అనుబంధంగా 2020లో వచ్చిన సంపుటిలో స్థానిక భాషీయుల ప్రస్తావనను వాక్యాల్లోంచి తీసేశారు కూడా.

మీకూ విద్యార్థికీ లెక్క కుదరకపోతే వాళ్ల టిక్కును కొట్టేయకండి. పక్క గడిలో పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి, ‘చూపించు’ అనండి. చూపించగలిగితే ప్రశ్నార్థకం చెరిపేది మీరు, లేకపోతే టిక్కు చెరిపేది వాళ్లు.

ప్రశ్న: పోర్ట్‌ఫోలియోకి ఇంటర్నల్ మార్కులు వేయమని యాజమాన్యం అంటోంది. వేయొచ్చా?

జవాబు: స్థాయికి మాత్రం వేయకండి. ఏ2 అన్నవాడికి పది, ఏ1 అన్నవాడికి ఆరు అని తెలిసిన మర్నాడే తరగతిలో ఏ1 కనుమరుగైపోతుంది. మార్కులు తప్పవంటే నిర్వహణకు వేయండి: ప్రతి టిక్కుకూ రుజువుందా, చీటీలు నిండాయా, గత టర్మ్ లక్ష్యం ఏమైందో రాశారా. ‘కుదరలేదు, ఎందుకంటే…’ అని కారణంతో రాసినవాళ్లకూ పూర్తి మార్కులే.

ప్రశ్న: తరగతిలో 45 మంది. వారానికి నాలుగు పీరియడ్లు. ఇంత పని ఎక్కడ ఇమిడేది?

జవాబు: మొత్తం జాబితా ఒకేసారి ఇస్తే ఇమడదు. యూనిట్‌కు ఆరు వాక్యాలు మించకండి. యూనిట్ మొదలుపెట్టే రోజు పది నిమిషాలు: ఆరూ చదివి, ఇప్పటికే వచ్చినవాటికి టిక్కు, కావలసినవాటికి ఆశ్చర్యార్థకం. వారం చివర ఐదు నిమిషాలు: ఈ వారం ఏ వాక్యం వైపు కదిలాను అని ఒక్క పంక్తి. యూనిట్ అయ్యాక ఇరవై నిమిషాలు: జంటలుగా ఒకరి రుజువులు ఒకరు చూసి రెండో వరసలో గుర్తు పెట్టడం.

అందరితో మీరే కూర్చోవాలనుకోవద్దు. మిగతావాళ్లు రాతపనిలో ఉండగా వారానికి ఐదుగురితో, ఒక్కొక్కరితో నాలుగు నిమిషాలు. తొమ్మిది వారాల్లో 45 మందీ ఒక చుట్టు పూర్తవుతారు. ఆ నాలుగు నిమిషాల్లో ఫైలంతా తిరగేయకండి. ‘నీకు బాగా నమ్మకమున్న టిక్కు ఒకటి, అనుమానమున్న టిక్కు ఒకటి చూపించు’ అనండి చాలు. అనుమానమున్నది ఏమీ లేదన్న విద్యార్థి ఫైలును మాత్రం ఇంకో రోజు తీరిగ్గా చూడండి.

ప్రశ్న: ఏడాదిగా ఒకమ్మాయి బీ1 దగ్గరే ఆగిపోయింది. పాస్‌పోర్టు పేజీలో ఏ మార్పూ లేక నిరుత్సాహపడుతోంది.

జవాబు: ఆగిపోయింది అమ్మాయి కాకపోవచ్చు, కొలబద్ద గీతలే అక్కడ దూరదూరంగా ఉన్నాయి. పైకి వెళ్లేకొద్దీ ఒక్కో స్థాయి వెడల్పవుతుంది. కేంబ్రిడ్జ్ పరీక్షల సంస్థ ఇంగ్లిష్‌కు ఇచ్చే అంచనాలో, మొదటి నుంచి లెక్కిస్తే, ఏ2కి 180 నుంచి 200 గంటల బోధన చాలు. బీ1కి 350 నుంచి 400, బీ2కి 500 నుంచి 600 కావాలి. వారానికి మూడు గంటల చొప్పున ఏడాదికి వందో నూట ఇరవయ్యో గంటలు దొరికే తరగతిలో బీ1 నుంచి బీ2కి సుమారు ఏడాదింబావు నుంచి రెండేళ్లు పడుతుంది. నేర్చుకునే భాష మాతృభాషకు ఎంత దూరమైతే అంత ఎక్కువ.

కనుక ఆ పేజీని ఏడాదికి రెండుసార్లకు మించి తెరవకండి. కదలిక చూడాల్సింది జాబితాలో. బీ1కీ బీ2కీ మధ్య ఫ్రేమ్‌వర్క్‌లోనే బీ1 ప్లస్ ఉంది, దాన్ని వాడండి. అది కూడా చాలకపోతే ఒక్కో వాక్యాన్ని పరిస్థితిని బట్టి మూడు ముక్కలు చేయండి: తయారై వస్తే చెప్పగలను, చిన్న నోట్సు చూస్తూ చెప్పగలను, అప్పటికప్పుడు అడిగితే చెప్పగలను. అన్నిటికన్నా మంచి మందు ఒకటుంది. ఏడాది కిందటి తన రికార్డింగును, నిన్నటిదాన్ని వెంటవెంటనే వినిపించండి. అందుకే ప్రతి టర్మ్‌లో ఒకసారి, ఒకే రకం అంశం మీద, 90 సెకన్లు రికార్డు చేయించాలి. అంశం మారిపోతే పోలిక కుదరదు.

ప్రశ్న: మేం జపనీస్ నేర్పుతాం. ఏ1 జాబితాలో లిపి ప్రస్తావనే లేదు. మొదటి నెలల్లో పిల్లలకు టిక్కు పెట్టడానికి ఏమీ దొరకట్లేదు.

జవాబు: ఆ వాక్యాలు తయారైంది యూరప్‌లో. అక్కడి విద్యార్థుల్లో చాలామందికి అక్షరాలు ముందే తెలుసు. అందుకని మీరు లిపికి వేరే జాబితా కట్టుకోవాలి. జపనీస్ అక్షరమాలల్లో ఒకటైన హిరగనాలోని 46 మూలాక్షరాలను చూసి గుర్తుపట్టడం ఒక వాక్యం, చూడకుండా రాయడం ఇంకొకటి. చైనా నుంచి వచ్చిన అక్షరాలైన కంజీలకైతే చదవడం, రాయడం, టైపు చేసేటప్పుడు సరైనదాన్ని ఎంచుకోవడం మూడూ వేర్వేరు. లిపి జాబితాను స్థాయితో ముడిపెట్టకండి. సంభాషణలో ఏ2 ఉన్నవాడు లిపిలో వెనకబడి ఉండొచ్చు, పాస్‌పోర్టులో ఆ రెండూ విడిగా కనబడాలి. జపాన్ ఫౌండేషన్ ఇదే ఫ్రేమ్‌వర్క్ ఆధారంగా 2010లో జపనీస్ బోధనకు జేఎఫ్ స్టాండర్డ్ అనే ప్రమాణాన్ని తెచ్చింది. అందులోని ‘క్యాన్ డూ’ వాక్యాలు మీకు నేరుగా పనికొస్తాయి.

మొదటి ఏడాది జాబితాలు మాతృభాషలోనే ఇవ్వండి. చదివి అర్థం చేసుకోలేని వాక్యానికి పెట్టిన టిక్కుకు అర్థం లేదు. తరువాత అదే వాక్యం కింద నేర్చుకునే భాషలో కూడా రాయించండి.

ప్రశ్న: రాతలన్నీ అనువాద యాప్‌లతో చేసుకొస్తున్నారని అనుమానం.

జవాబు: ఇంట్లో రాసుకొచ్చిన తుది ప్రతిని మాత్రమే రుజువుగా తీసుకుంటే అలాగే అవుతుంది. తరగతిలో, చేత్తో, ఇరవై నిమిషాల్లో రాసిన మొదటి ప్రతి డోసియర్‌లో తప్పనిసరి చేయండి. దిద్దుకున్న ప్రతిని దాని వెనక పెట్టొచ్చు. యాప్ వాడితే చీటీ మీద ఆ మాట రాయడానికి ఒక గడి ఉంచండి, నిజం చెప్పినందుకు ఏమీ తగ్గించకండి. అనుమానం మిగిలితే ఆ రాతలోని రెండు వాక్యాలను మాటల్లో చెప్పమనండి. సొంతదైతే తప్పులతోనైనా చెబుతారు.

ప్రశ్న: కాగితమా, డిజిటలా? కోర్సు అయిపోయాక ఫైలు ఎవరి దగ్గరుండాలి?

జవాబు: జాబితాలూ చీటీలూ కాగితం మీద, గొంతు రికార్డింగులు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో. రికార్డింగుల పేర్లు సంవత్సరం, నెల, తేదీ, నైపుణ్యం వరసలో పెట్టిస్తే వాటంతటవే కాలక్రమంలో కూర్చుంటాయి. ‘నా స్పీచ్ ఫైనల్ 2’ లాంటి పేర్లతో ఏడాది తరువాత ఏదేమిటో ఎవరికీ తెలియదు. పిల్లల గొంతులు కనుక తరగతి గ్రూపుల్లో పంచుకోకండి.

పోర్ట్‌ఫోలియో విద్యార్థి సొత్తు. యూరోపియన్ నమూనా మూల సూత్రాల్లో ఇదొకటి. బడి కావాలంటే పాస్‌పోర్టు పేజీ నకలు ఉంచుకోవచ్చు, మిగతాది విద్యార్థి వెంట వెళ్లాలి. కొత్త టీచరు ముందుగా ఆ పేజీ చూసి, చివరి రికార్డింగు విని, రెండింటికీ పొంతన కుదరని నైపుణ్యం నుంచి మాట్లాడటం మొదలుపెడితే మొదటి వారం వృథా కాదు.