అటక మీది లెగో మళ్లీ కిందికి దించితే

ప్రశ్న: మా అబ్బాయి ఆడుకున్న లెగో ముక్కలు బియ్యం సంచి నిండా పాతికేళ్లుగా అటక మీదే ఉన్నాయి. వాడు ఉద్యోగానికి వెళ్లిపోయాక ఇప్పుడు నాకే వాటితో కూర్చోవాలనిపిస్తోంది. అన్నీ జిడ్డు, దుమ్ము. తెల్లవి పసుపు తిరిగాయి. ఎలా బాగుచేసుకోవాలి?
– గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఒక్కటి కూడా పారేయకండి. ఈ లెగో ఇటుక, అంటే బ్రిక్ కొలత 1958 నుంచి మారలేదు. 1963 నుంచి ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేస్తున్నారు. మీ సంచిలోది నిన్న కొన్న పెట్టెలోని దానికి చక్కగా పడుతుంది.

ముందు స్టిక్కర్లు ఉన్నవి, మోటారు, లైటు ముక్కలు పక్కకు తీయండి. వాటిని తడిగుడ్డతో తుడిస్తే చాలు. మిగతావి బట్టలుతికే జాలీ సంచిలో సగానికి మించకుండా వేసి, గోరువెచ్చని నీళ్లలో నాలుగు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి అరగంట నానబెట్టండి. నీళ్లు 40 డిగ్రీలు దాటకూడదు, దాటితే ముక్కలు వంగిపోయే ప్రమాదం ఉంది. వాషింగ్ మెషీన్ వద్దు. అడుగున గొట్టాల మధ్య దాక్కున్న మట్టిని మెత్తటి టూత్‌బ్రష్‌తో తీయాలి. బోరు నీళ్లయితే ఆరాక తెల్లటి మరకలు మిగులుతాయి, అందుకే చివరిసారి ఫిల్టర్ నీళ్లలో ముంచండి. తువ్వాలులో వేసి బాగా కుదిపి, బోలు వైపు కిందికి పెట్టి, ఫ్యాను కింద రెండు రోజులు ఆరనివ్వండి. తడి మిగిలి ఉండగా డబ్బాలో మూసిపెడితే వాసన పడుతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్, థిన్నర్ దగ్గరకు రానీయకండి. ఏబీఎస్ వాటిలో కరిగిపోతుంది.

పసుపు తిరిగినవాటికి మందుల షాపులో దొరికే 20 వాల్యూమ్ హైడ్రోజన్ పెరాక్సైడ్, అంటే 6 శాతం ద్రావణం, పనిచేస్తుంది. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు తప్పనిసరి. పిల్లలకు అందనివ్వకండి. గాజు పాత్రలో ముక్కలు మునిగేలా పోసి, తేలకుండా పైన ఒక గాజు పళ్లెం బోర్లించి, వదులుగా మూసి ఎండలో పెట్టండి. గంటకోసారి కదపకపోతే మచ్చలు మచ్చలుగా తెల్లబడతాయి. నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో తేడా కనిపిస్తుంది. మే నెల మధ్యాహ్నం ఎండకు నీళ్లు మరీ కాగుతాయి కాబట్టి చలికాలం మేలు. రంగు బొమ్మలు ముద్రించిన ముక్కలు, పారదర్శకమైనవి దీంట్లో వేయకండి. కొన్నేళ్లకు పసుపు మళ్లీ రావచ్చు. గోడ లోపల కనిపించని చోట వాడేవాటికి ఈ శ్రమంతా ఎందుకు, అలాగే వాడేయండి.

ప్రశ్న: రంగుల ప్రకారం డబ్బాల్లో సర్దాను. అయినా కావలసిన ముక్క దొరకదు. ఎందుకని?
– వరంగల్ నుంచి

జవాబు: ఆకారం ప్రకారం సర్దండి. ఎర్రటి కుప్పలో ఎర్రటి చిన్న ముక్క కంటికి ఆనదు. అదే 1×2 ప్లేట్ల (ఒక బొడిపె వెడల్పు, రెండు బొడిపెల పొడవున్న పలచటి ముక్కల) కుప్పలో ఎర్రది చటుక్కున కనిపిస్తుంది. మొదట బ్రిక్స్, ప్లేట్లు, వాలు ముక్కలు, నున్నటి టైల్స్, మిగతావి అని ఐదు కుప్పలు చేయండి. ఏ కుప్పయినా మరీ పెద్దదైనప్పుడే దాన్ని విడగొట్టండి. సర్దేటప్పుడే ప్రతి స్టడ్, అంటే పైనున్న గుండ్రటి బొడిపె మీద లెగో అన్న అక్షరాలున్నాయో లేదో చూడండి. లేనివాటిని వేరే డబ్బాలో పెట్టండి. పట్టు తేడా ఉన్నవి కలిస్తే పొడవాటి గోడ ఒక చోట బిగుసుకుని, ఒక చోట ఊడుతుంది.

ప్రశ్న: మా తాతగారి మండువా లోగిలి పడగొట్టేశారు. దాన్ని లెగోలో కట్టాలని ఉంది. 40 అడుగుల చదరం, మధ్యలో 16 అడుగుల మండువా, చుట్టూ 12 అడుగుల వెడల్పు గదులు, పెంకుల కప్పు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– కాకినాడ నుంచి

జవాబు: మీ కొలతలు అదృష్టవశాత్తూ చక్కగా కుదిరాయి. ఒక స్టడ్ వెడల్పు 8 మిల్లీమీటర్లు. స్టడ్‌కు ఒక అడుగు అనుకుంటే 1:38 స్కేలు, లెగో మనిషి బొమ్మకు సుమారుగా సరిపోతుంది. ఇల్లు 40×40 స్టడ్‌లు, అడుగున పరిచే 48×48 బేస్‌ప్లేట్ మీద చుట్టూ నాలుగు స్టడ్‌ల పెరడు మిగులుతుంది.

అందరూ పొరపడేది ఎత్తు దగ్గర. బ్రిక్ ఎత్తు 8 కాదు, 9.6 మిల్లీమీటర్లు. అడుగుకో బ్రిక్ పేర్చితే గోడ ఐదో వంతు ఎక్కువ ఎత్తు లేచి, ఇల్లు గాదెలా కనిపిస్తుంది. ప్లేట్ మందం 3.2, అంటే మూడు ప్లేట్లు ఒక బ్రిక్. పదడుగుల గోడ 80 మిల్లీమీటర్లు, సరిగ్గా 25 ప్లేట్లు. ఎనిమిది బ్రిక్స్, పైన ఒక ప్లేటు వేయండి.

కప్పుకు 45 డిగ్రీల వాలు ముక్కలు తీసుకోండి. వరస వరసకూ ఒక్కో స్టడ్ లోపలికి జరుగుతూ, 12 స్టడ్‌ల వెడల్పుకు అటు ఐదు, ఇటు ఐదు వరసలు, పైన రెండు స్టడ్‌ల నడికొప్పు వస్తాయి. ఇంటి బయటి మూలలు ఉబ్బెత్తు, మండువా వైపు మూలలు లోయలు. వానాకాలంలో నీళ్లు ఆ లోయల్లోంచి కూడా జారి మండువాలో పడతాయి. ఉబ్బెత్తు మూల ముక్క నంబరు 3045, లోయ ముక్క 3046, రెండూ వేరు. ఒక దాని బదులు ఇంకోటి పెడితే మూల అతకదు. ఒక్కోటి 20 కావాలి. తిన్నగా వేసే 2×2 వాలు ముక్క 3039. బయటి వైపు కింది వరసకు పక్కకు 18, పైకి వెళ్తూ 17, 16, 15, 14, నాలుగు పక్కలకు 320. మండువా వైపు 8, 9, 10, 11, 12, మొత్తం 200. నడికొప్పుకు రెండు వైపులా వాలిన 3043 ముక్కలు 52. నడికొప్పు నాలుగు మూలలూ 2×2 ప్లేట్, దాని మీద టైల్‌తో మూయండి.

కప్పు కూలేది ఎప్పుడంటే, పై వరస కింది వరస స్టడ్ ఒక్కదాని మీదే నిలబడి ఉండగా మీరు వేలితో నొక్కినప్పుడు. లోపల ప్రతి ఎనిమిది స్టడ్‌లకు ఒక 2×2 స్తంభం నిలబెట్టి, వాలుకు తగలనివ్వండి. గోడ పైభాగమంతా టైల్స్ పరిచి, మూలల్లో మాత్రం నాలుగేసి స్టడ్‌లు వదిలితే కప్పును మూతలా ఎత్తి లోపలి గదులు చూడొచ్చు. బేస్‌ప్లేట్ పలచగా ఉండి వంగుతుంది కాబట్టి కింద 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పెట్టకుండా ఎత్తకండి.

రంగు విషయం. ఎరుపు కలిసిన గోధుమ రంగు పాత ముక్కలు పెళుసు, విడదీస్తుంటేనే చిట్లిపోతాయి. మీ దగ్గర అలాంటివి ఉంటే మళ్లీ విప్పే అవసరం లేని చోట బిగించండి.

ప్రశ్న: ఇన్ని ముక్కలు ఎక్కడ కొనాలి? విదేశాల నుంచి తెప్పించుకోవచ్చా?
– అదే పాఠకుడు

జవాబు: విడి ముక్కలు అమ్మే బ్రిక్‌లింక్ లాంటి వెబ్‌సైట్లలో నంబరు, రంగు చెప్పి కొనవచ్చు, మన దేశం నుంచి ఆర్డర్లు తీసుకుంటున్నారో లేదో ముందు చూసుకోండి. అయితే మన దేశంలో ఆటవస్తువుల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. పార్సిల్ ఖర్చు కూడా కలిపి సుంకం లెక్కిస్తారు. ఆర్డరు పెట్టే రోజున అప్పటి రేటు ఒకసారి చూసుకోండి. పదిమంది అమ్మేవాళ్ల దగ్గర పది పార్సిళ్లు వద్దు. అక్కడి వాంటెడ్ లిస్ట్‌లో, అంటే కావలసిన ముక్కల జాబితాలో ఈ నంబర్లన్నీ ఎక్కించి, 3046 మీకు కావలసిన రంగులో ఎవరి దగ్గర 20 ఉన్నాయో మొదట చూడండి. అవి దొరికాకే మిగతా రంగు నిర్ణయించుకోండి, ఎందుకంటే అన్ని ముక్కల్లోకీ దొరకడం కష్టమైనది అదే.