పాత బ్యాటరీలు వెనక్కి పంపారు, రసీదు ఏది?

ప్రశ్న: గాజువాకలో ఇన్వర్టర్ బ్యాటరీల దుకాణం నడుపుతున్నాను. కొనుగోలుదారుల దగ్గర పాత బ్యాటరీలు తీసుకుని డిస్ట్రిబ్యూటర్ వ్యానులో పంపేవాడిని. వాటి విలువ రూ.4.60 లక్షలు నా ఖాతాలో జమ చేస్తానన్న ఆయన, ఇప్పుడు అసలు సరుకే అందలేదంటున్నారు. మొదటి విడత పంపి రెండేళ్ల పది నెలలైంది. పదేళ్ల పరిచయం ఉండి కూడా మోసం చేశారు. పాత తేదీలతో సరుకు పంపినట్టు చలాన్లు రాయించుకుని నోటీసు పంపవచ్చా?

జవాబు: స్నేహం గురించి వివరంగా రాశారు గాని, ఏ తేదీన ఎన్ని బ్యాటరీలు ఎవరి చేతికి ఇచ్చారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఈ వ్యవహారం తేలేది అక్కడే. సరుకు అందిందని నిరూపించవలసిన బాధ్యత మీది. లక్షల విలువ చేసే సరుకును సంతకం తీసుకోకుండా బండి ఎక్కించడం క్షమించరాని అజాగ్రత్త.

పాత తేదీల చలాన్ల ఆలోచన ఈ క్షణమే మానుకోండి. దొంగ పత్రం సృష్టించడం ఒక నేరం, దాన్ని కోర్టులో అసలుదిగా చూపడం మరో నేరం. పైగా మీ దగ్గరున్న నిజమైన ఆధారాలను కూడా ఎవరూ నమ్మరు.

అవి లేకపోలేదు. కొత్త బ్యాటరీ బిల్లులో 'పాతది తగ్గింపు' అని రాసిన ప్రతి కాపీ, సీరియల్ నంబర్లు ఎక్కించిన కౌంటర్ పుస్తకం, వ్యాను నంబరు కనిపించే ఫొటో ఉన్న ఫోను భద్రపరచండి. ఫొటోలు, వాట్సాప్ సందేశాలు దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారాలకు ఇచ్చే ధ్రువపత్రం జతపరచాలి. వాడేసిన బ్యాటరీల సేకరణ, రీసైక్లింగ్ బాధ్యతను 2022 నాటి నిబంధనలు తయారీదారులపై పెట్టాయి కాబట్టి, డిస్ట్రిబ్యూటర్ తయారీ కంపెనీకి పంపిన పాత బ్యాటరీల లెక్కలను కోర్టు ద్వారా తెప్పించమని అడగవచ్చు.

గడువు విషయం ఇంకా తీవ్రం. చెల్లింపు గడువు విడిగా ఒప్పుకోకపోతే, సరుకు అందజేసిన తేదీ నుంచి మూడేళ్లలో దావా వేయాలి. ఒక్కో విడతకు ఒక్కో లెక్క. మొదటి విడత పంపి రెండేళ్ల పది నెలలైందని రాశారు. లాయరు నోటీసు పంపినంత మాత్రాన ఈ గడువు ఆగదు. గడువు ముగియక ముందే ఆయన సంతకంతో బాకీ ఒప్పుకుంటే దావా గడువులను చెప్పే లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ కింద కొత్త గడువు మొదలవుతుంది. 'చూద్దాంలే' అన్న సందేశం అందుకు చాలదు.

వ్యాపారుల మధ్య సరుకు అమ్మకానికి సంబంధించిన, రూ.3 లక్షలకు తగ్గని ఇలాంటి దావాకు, అత్యవసర ఉత్తర్వులు కోరనప్పుడు, దావా వేయక ముందే మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి. అది నడిచినంత కాలం మూడేళ్ల గడువులో లెక్కకు రాదు. కనుక ఈ వారమే విడతల వారీ పట్టికతో విశాఖపట్నం జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు చేయండి. అక్కడ రాజీ కుదరకపోతే ఆ నివేదికతో విశాఖ వాణిజ్య వివాదాల కోర్టులో దావా వేయండి.